తోడు

మా కాలనీ నీళ్ళు సముద్రం జూడాల్నంటే
ఎన్ని వాగులు దాటాల్నో ఏమో.
అంత దూరం నాకెందుకు?
నా డ్యూటీ వెనక గోడ దాక.

హసన్‌పర్తి రోడ్డు మీద నూట పన్నెండు ఇండ్లు.
పార్కు అని బోర్డు పెట్టి మరిచిపోయిన మూలకు
రెండు సిమెంటు తొట్లు, ఒక గాలి మోటరు,
కంకర పోసిన మడి, మడి నిండ మెట్టతామర.
దాని పేరు ఇంగ్లీషుల మూడక్షరాలు.
మోరీల ఓదెలు ఏడుంటడంటే
చిన్న పిల్లలు సుత తోవ జూపిస్తరు.

మొదటి నెల ఏం కాలే.
నీళ్ళు ఎట్లొచ్చినయో అట్లనే పోయినయి,
వాసన సుత తగ్గలే.
ఇంజినీరు సారు వంగి జూసి
"పురుగు పుట్టలే ఓదెలూ" అన్నడు.
కంటికి కనబడని పురుగు,
నేనేడికెళ్ళి తేవాలె?

అప్పుడు మా అవ్వ యాదికొచ్చింది.
పెరుగు పాడైన నాడు
గిన్నె కొంగు చాటున పట్టుకొని
పక్కింటి కడప కాడ నిలబడేది:
"సరోజనా, ఇంత తోడుంటే పెట్టు."

కాజీపేటల పాత ప్లాంటొకటి మొగిలి జూస్తడు.
రెండు క్యాన్ల నిండ నల్ల బురద పోసిచ్చిండు,
పైసలంటే కోపానికొచ్చిండు.
ఎక్సెల్ బండికి ఇటొకటి అటొకటి కట్టుకొని వస్తుంటే
బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది.
పక్క ఆటోల ఆడోళ్ళు ముక్కు మూసుకున్నరు.
పానమున్న దాన్ని తీస్కపోతున్ననమ్మా
అని ఎట్ల జెప్పుదు?

తొట్ల కుమ్మరించి, మోటరేసి,
బాలింత ఇంటి ముంగట కూసున్నట్టు కూసున్న.
తొమ్మిదోనాడు పొద్దుగాల
నురుగు చాయ రంగుకు తిరిగింది.
మూత తీస్తే మోరి వాసన కాదు,
తొలకరి పడ్డ దుక్కి వాసన.

ఇప్పుడు నీళ్ళు జూసి ఇండ్లు జెప్త.
పసుపు తేలితే ఎవలింట్లనో పెండ్లి పనులు.
సోమవారం పొద్దున కమ్మే నూనె జిడ్డు
ఆదివారం యాట కూరది.
ఒకపారి పురుగంత ఊరికెనే నీరసించింది,
అరిగోస పడ్డ, సమజ్ కాలే.
మూడో లైనుల ఒకాయనకు
పెద్ద రోగం మందులు ఎక్కిస్తున్నరని తర్వాత తెలిసింది.
ఎవలకు జెప్పలే.
బకెట్ బెల్లం నీళ్ళు పోసి
పురుగును సముదాయించిన.

స్వరూప మేడంకు దండం పెట్టి జెప్పిన,
"యాసిడ్ పొయ్యకుండ్రి, కింద పిల్లలున్నరు."
నవ్వింది. మళ్ళ పొయ్యలే.

మీటింగుల లొల్లి మాత్రం తప్పలే.
"మోరీకి సుత నెలకు రెండొందలా?"
కుర్చీలు జరిగినయి, చాయలు చల్లారినయి.
నేను తలుపు కాడ నిలబడ్డ.
మా చిన్నాయన రాజీరు, తొంభై ఆరుల
ఒక హోటల్ గుంతల దిగిండు.
పైకి తాడొక్కటే వచ్చింది.
ఆ మాట నోటి దాక వచ్చి ఆగింది.
ఒక్కటే అన్న:
"ఈడ మనిషి దిగడు సారూ, గాలి దిగుతది."
కొద్దిసేపు ఎవలు మాట్లాడలే.
రెండొందలు నూట యాభై అయినయి.

రాత్రి కరెంటు పోతే
నాకు చప్పుడుతోని కాదు, సప్పుడాగినందుకు మెలకువొస్తది.
చీకట్ల జనరేటర్ తాడు గుంజుతుంటే
తొట్లె నుంచి ఏడుపు ఇనబడ్డట్టైతది.
మా ఇంటామె అంటది,
నీకు నిజం పిల్లలు ఎప్పుడు యాదికొస్తరని.

మడి దాటిన నీళ్ళు గోడ కింద పైపు నుంచి వాగుల పడ్తయి.
ఇరవై అడుగులు పోంగనే
పక్క వెంచరోళ్ళ నల్ల పైపు వచ్చి కలుస్తది.
దాని తర్వాత అన్ని నీళ్ళు ఒక్కటే.

ఆ ఇరవై అడుగులల్ల
ఈ ఏడు కప్పలు గుడ్లు పెట్టినయి.
ఒక తెల్ల కొంగ రోజు వచ్చి
సరిగ్గ పద్దెనిమిదో అడుగు కాడ ఆగుతది,
ఒంటికాలు మీద నిలబడి
అటు దిక్కు జూసి, ఇటే మర్రుతది.

పక్క వెంచర్ వాచ్‌మన్ నిన్న వచ్చిండు.
ఖాళీ క్యాన్ చేతుల ఉన్నది.
ఏమడుగాల్నో తెల్వక
గోడ కాడనే నిలబడ్డడు.