సుద్దగీతల ఇల్లు

షెడ్డు నేల మీద హోల్‌రాయిడ్ ముగ్గు పోశాడు.
పునాదే లేని ఇంటికి ముగ్గేమిటని నవ్వాను.
యాభై ఏడు అడుగుల పొడవు, పదకొండు వెడల్పు.
చలికి బిగుసుకున్న సిమెంటు మీద తెల్లటి గీత,
మూలమూలనా టామ్సిన్ మోకాళ్ళ గుర్తులు.
"లోపలికి రండి" అన్నాడు, గుమ్మం నిజంగా ఉన్నట్టు
పక్కకి తప్పుకుని.
నేనూ లేని గుమ్మానికి తల వంచాను.

అంతకు ముందే ఫోనులో అడిగాడు, ఇంత వెడల్పెందుకని.
ఏడడుగుల సన్నపడవైతే దేశమంతా తిరగొచ్చు,
ఇది బర్మింగ్‌హామ్ దారి ఇరుకు లాకుల్లో పట్టదు,
దక్షిణం మీకు మూసుకుపోయినట్టే,
పడవ పుట్టాక సన్నబడమంటే సన్నబడదు,
ఆలోచించుకోండి.
ఆలోచించాను.
మా ఆయన కుర్చీ చుట్టూ తిరగాలంటే అయిదడుగులు కావాలి.
ఆ మాట చెప్పాక అవతల కాసేపు
వెల్డింగ్ చిటపటలు తప్ప ఏమీ వినపడలేదు.

డెరిక్ ముప్పై ఏళ్ళు మిర్‌ఫీల్డ్ ఇళ్ళకి
రాతి పలకలతో కప్పులు వేశాడు.
ఎక్కిన ప్రతి కప్పు మీంచీ కాలవ కనపడేదట.
చివరి కప్పు మీంచి కూడా.
ఆ సంగతి మా ఇంట్లో ఇంతకు మించి మాట్లాడుకోం.

సుద్ద పడవలోకి తనే చక్రాలు తోసుకుంటూ వచ్చాడు.
పొయ్యి దగ్గర ఆగి, సింకు దగ్గర ఆగి,
పడగ్గదిలో తిరగబోతే
చక్రం గోడని తుడిచేసింది.
"ఈ గోడ ఇక్కడొద్దు" అన్నాడు, గోడలు అమ్మేవాడిలా.
టైరుకంటిన సుద్ద నేల మీద చంద్రవంకలా పడింది.
టామ్సిన్ పాత గీత చెరిపి, ఆ వంకనే టేపుతో కొలిచి
కాగితం మీద రాసుకుంది.
ఉక్కు కోసింది ఆ లెక్కకే.

ఆ తర్వాత తొమ్మిది నెలలన్నది పదహారైంది.
మొదటి వాయిదా, రెండో వాయిదా,
ఉక్కు ధర పెరిగిందని మధ్యలో ఇంకో వాయిదా.
కిటికీలు ఆరొస్తే ఒకటి పొట్టిది.
అద్దె గదిలో మా బట్టలు పెట్టెల్లోనే మడతలు మర్చిపోయాయి.
పక్కన ఏ పేరు రాయాలని పెయింటర్ రెండుసార్లు అడిగాడు.
నేనొకటంటే డెరిక్ ఒకటన్నాడు.
ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

అడుగున బరువు లేకపోతే గాలికి తూలుతుందని
హోల్‌రాయిడ్ ఇటుకలు తెప్పిస్తానన్నాడు.
అవసరం లేదన్నాను.
అమ్మేసిన ఇంటి పెరటి గోడ నాలుగేళ్ళ కిందటే పడిపోయింది,
డెరిక్ లేపుతానని లేపలేకపోయిన గోడ.
కొన్నవాళ్ళు పట్టుకుపొమ్మన్నారు.
పదకొండు ట్రిప్పులు, మా అన్న వ్యాన్‌లో, నాచుతో సహా.
ఒకదాని మీద పిల్లి కాలిముద్ర,
పచ్చి ఇటుక మీద ఏ కాలంలోనో నడిచిన పిల్లి.
దాన్ని మంచం కింద వచ్చేలా పెట్టమన్నాను.
టామ్సిన్ ఎందుకని అడగలేదు. పెట్టింది.

నీళ్ళలో దింపిన రోజు వాన.
క్రేన్ పట్టీల మీద అన్ని టన్నులూ
ఉయ్యాల్లో పిల్లలా ఊగుతుంటే చూడలేక
నా బూట్లు చూసుకున్నాను.
ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినదాన్ని, నాకు తెలుసు:
ఎక్కినవాళ్ళకి చోటివ్వడానికి కూర్చున్నవాళ్ళు
ఎలా జరుగుతారో,
కాలవ అచ్చం అలాగే జరిగింది.
గొణగలేదు. ఒక బెత్తెడు పైకి లేచిందంతే.

హోల్‌రాయిడ్ నేల మీద మట్టం పెట్టాడు.
బుడగ మధ్యలో నిలిచింది, మళ్ళీ పక్కకి పాకింది.
"మీ ఆయన వంటింట్లోకి వెళ్ళాడు" అన్నాడు చూడకుండానే,
"ఇటుకలు కొన్ని అటు సర్దితే సరిపోతుంది."
వద్దన్నాను.
చెక్కు జేబులో తడిసి మెత్తబడుతోంది.
పాదాల కింద నేల, ఉందా లేదా అన్నంతగా, ఒరిగింది.
కుర్చీ తిరిగింది. గోడకి తగల్లేదు.
బల్ల మీద నా టీ కప్పు
వేలెడు దూరం జరిగి ఆగింది.