అమలు

గుజరాతీపేటలో మా మామూది కళాయి కొలిమి.
తోలుతిత్తి నా వంతు. అప్పటికి నాకు పన్నెండేళ్లు.
నవాసారం పొగ కళ్లల్లో కొడుతుంటే
దూది ఒక్క చుట్టు తిప్పేవాడు,
మసి తపేలా అడుగున
నిండు చందమామ.

జుమ్మా రోజు నమాజయ్యాక పని ముట్టడు.
పెద్ద మసీదు మెట్ల మీద చెప్పులు పక్కనెట్టుకుని
వాళ్ల అబ్బా దగ్గర విన్న పాఠం నాకు చెప్పేవాడు:
"హిక్మత్ రెండురా గుంటడా. నజరీ, అమలీ.
సుక్కలున్నాయి, లెక్కలున్నాయి,
అన్నిటికీ మొదలైనోడున్నాడు.
అయ్యి మనం చేసినవి కావు,
చూసి తెలుసుకోడమే. నజర్.
నీ బుద్ధి, నీ ఇల్లు, నీ ఊరు
నువ్వు చేస్తే ఉంటాయి, లేపోతే లేవు.
తాసీల్దారు కాగితం మీద
'అమలు' అని రాస్తాడే, ఆ మాటే ఇది."
"రెండిట్లో ఏది పెద్దది మామూ?"
"ముందు తిత్తి సరిగ్గా ఊదడం నేర్సుకో."

ఆ ఏడు తగరం ధర మండిపోయింది.
సీసం కలిపితే కంటికి తేడా తెలీదు.
చింతపండు పులుసుకి తెలుస్తుంది,
తర్వాత కడుపుకి.
ఇదంతా నాకు తెలుసు. మామూయే చెప్పాడు.
తెలిసే,
మామూ పార్వతీపురం వెళ్లిన రోజు
ఏటవతలి గవరమ్మ తపేలాకి
కలిపాను.
మిగిల్చిన తగరం అమ్మి
నేల టిక్కెట్టు కొన్నాను.

మర్నాడు కొలిమి పక్కన దూదుండ దొరికింది.
గుడ్డ మీద రుద్ది చూశాడు. నల్లటి జాడ.
"ఎవులిది?"
చెప్పాను.
"ఎల్లి తెచ్చియ్యి. గీకేసి మళ్లీ ఏద్దాం."

వంతెన సగం దాకా వెళ్లాను.
నాగావళిలో కొత్తనీరు, ఎర్రగా.
వెనక్కొచ్చి
"తాళం ఏసుంది మామూ" అన్నాను.
నమ్మాడో లేదో.
తిత్తి మాత్రం ఆ రోజు నుంచి
నా చేతికివ్వలేదు.

ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను.
తగరం యాభై, సీసం ఎనభైరెండు,
బోర్డు వైపు చూడకుండానే రాయగలను.
ఏరు దాటాల్సొస్తే బస్సెక్కుతాను,
కిటికీ పక్కన కూర్చోను.

డస్టరు కనపడనప్పుడు
సీసం గుర్తుని వేలితో చెరిపేస్తాను.
అంటేది సుద్దే, తెల్లగానే ఉంటుంది.
అయినా ప్యాంటుకి
రెండుసార్లు రుద్దుకుంటాను.