పొడుపు లెక్క

పొద్దు పొడవక ముందే నా కొలువు.
బంగారుపాళెం దాటినాక, మామిడి తోపు వెనక,
రేకుల షెడ్డు.
చేతిలో అట్ట, అట్టకు దారంతో కట్టిన పెన్సిలు.
ఒక్కో అర ముందర పది నిమిషాలు.
ఒక పెట్ట ఇంకో పెట్టను పొడిస్తే ఒక గీత.
ఈక పీకితే గీత మీద అడ్డగీత.
నెత్తురొస్తే సున్న చుట్టి నన్ను పిలువక్కా
అంది తిరపతి నుంచి వచ్చిన రుబీనా.

సగం అరలకు నీలం చీటీ, సగానికి పసుపు.
ఒక రంగు దాణాలోనే ఏదో పొడి కలుపుతుంది.
ఏ రంగో చెప్పదు.
"తెలిస్తే నీ కంటికి తూకం తప్పుతుందక్కా."

పొడిలో ఏముందమ్మా అంటే
మంచి పురుగులనుకో, కంటికి ఆనవు,
పేగులో కాపురముంటాయి,
కడుపు కుదుటపడితే తల కుదుటపడుతుందా
అదే చూస్తున్నాం, అంది.
నాకు నవ్వాగలేదు.
రాత్రి మిగిలిన సంగటిలో నీళ్ళు పోసి
తెల్లారి మజ్జిగ కలిపి తెచ్చుకున్న దాన్ని,
డబ్బా మూత తీసి చూపించాను.
ఆ పిల్ల వాసన చూసింది.
నవ్వలేదు. రాసుకుంది.

మూడేళ్ళ కిందట ఇదే షెడ్డులో నాది వేరే పని.
ఎర్రగా కాలిన బ్లేడు,
నా బొటనవేలి కింద కోడిపిల్ల తల.
చుయ్యిమంటే ముక్కు కొస రాలేది.
గంటకు ఆరువందలు.
కాలిన కొమ్ము వాసన చేతులకు పట్టి
మా చిన్నోడు పక్కలోకి రానంటే
సున్నిపిండితో రుద్దుకునేదాన్ని.

ఈ కోళ్ళకు ముక్కులున్నాయి.
మొదటిరోజు చూసి జడుసుకున్నాను.
నిండు ముక్కు కోడి ఎట్లుంటుందో మర్చిపోయినాను.

"కోస్తే తీరేదానికి ఈ మజ్జిగ వైద్యమేంది?"
వాకిట్లో నిలబడి చెంగల్రాయుడు గారు.
మళ్ళీ ఫోను చెవిన పెట్టి
గుడ్డు ధర పడిందని ఎవర్నో పొడుస్తున్నాడు.
అలవాటుగా నా చెయ్యి కదిలింది.
చెరిపేశాను.

సాయంత్రం నీళ్ళ ట్యాంకరు కాడ కూడా అంతే.
రెడ్డెమ్మ నా బిందెను కాలితో జరిపింది, ఒకటి.
నేను మోచేత్తో నెట్టాను, రెండు.
రెండోది గట్టిగానే తగిలింది.

పసుపు చీటీ, మూడో అర, మూలన
నలభై ఒకటో నంబరు పెట్ట.
వీపంతా బోడి, ఎర్రటి తోలు.
దాణా తినడానికి కూడా అడిగి వచ్చినట్టు వస్తుంది.
పేరు పెట్టలేదు. పెడితే తూకం తప్పుతుంది.
పేరు లేకుండానే తప్పింది.
ఐదో వారం ఒక పొద్దున ఉండబట్టలేక
లోపలికి చెయ్యి పెట్టి మిగతావాటిని అదిలించాను.
పదకొండు పడాల్సిన చోట ఏడే గీతలు.
మధ్యాహ్నం రుబీనాకు చెప్పేశాను.
ఆ పూట లెక్క మొత్తం కొట్టేసింది.
తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఈరోజు ఆఖరి వారం.
నలభై ఒకటి వీపు మీద
ముళ్ళు మొలిచినట్టు కొత్త ఈకల మొనలు.
పసుపేనా పొడి, అని అడిగాను.
"కూడాలక్కా, ఇంకా చాలా కూడాలి.
ఒక్క కోడిని చూసి చెప్పలేం."
పొడుపుకథైతే ఈ పాటికి
ఓడిపోయినానని ఒప్పుకొని విప్పించుకునేదాన్ని.

రేకుల సందులోంచి పొద్దు పొడుస్తోంది.
పెట్టలు గొంతు సవరించుకుంటున్నాయి.
పెన్సిలు ముక్కు అరిగిపోయింది.
చెక్కుదామని బ్లేడు తీసి
కొంచెం సేపు
అట్లే పట్టుకున్నాను.