పది మీద ఎల్లకూడదు

కంచరపాలెంలో మేడమీది గది.
కిటికీ అవతల ఇనపరాళ్ల గూడ్సు
గంటకోసారి బల్లని వణికిస్తుంది.
ఆ బల్లమీదే, తెరలోపల,
రెండడుగుల ఆరంగుళాల వెడల్పున
నేను పట్టాలు పరుస్తుంటాను,
నౌపడా నుంచి గుణుపురం దాకా,
పెద్దలైను కోసం ఎప్పుడో పీకేసిన చిన్నబండి దారి.

పగలు పోర్టులో వేబ్రిడ్జి దగ్గర కూర్చుంటాను.
నిండు వ్యాగను, ఖాళీ వ్యాగను,
తేడా రాసి సంతకం.
రాత్రి ఈ పని. దీనికి బరువు లేదు.
మౌసుతో లాగితే కొండ లేస్తుంది,
పొరపాటున నొక్కితే మహేంద్రతనయ
స్టేషన్ మాస్టరు గదిలోంచి పారుతుంది.
చెరిపి, మళ్లీ తవ్వి, మళ్లీ చెరిపి
ఒక్క వంపు కుదరడానికి పదకొండు రాత్రులు.

ఇంజిన్ పొగ దొరికింది. కూత దొరికింది.
పాత మ్యాపులో గట్ల ఎత్తులు దొరికాయి.
నౌపడా ఉప్పుమళ్ల తెలుపు మాత్రం
ఎన్ని రంగులు కలిపినా
గోడకి కొట్టిన సున్నంలాగే వస్తుంది.

జ్ఞానాపురంలో ఉంటాడు కూర్మయ్య తాత.
ముప్పై నాలుగేళ్లు ఆ లైన్లో గ్యాంగుమేన్.
ఆటోలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
తెరమీద వేలు పెట్టి చూశాడు,
పట్టా ఎంత కాలిందో చూసినట్టు.

"తాడిచెట్లన్నీ ఒక్కతల్లి బిడ్డల్లాగున్నాయేటి?"
కాపీ చేశాను తాతా, అన్నాను.
"కంకర ఇంత తెల్లగా ఎవుడు కడిగినాడు?"
నేను మాట్లాడలేదు.
"ఇదేటి, లైను ఇంత తిన్నగా ఉంది?
తిన్నగా ఉంటే మాకు జీతాలెందుకిచ్చీవోరు?"

ఆ వారమంతా వంకర పెట్టడమే పని.
కొలిచి వేసిన పట్టాని వేలెడు పక్కకి నెట్టి,
ఒక స్లీపరుని కుంగదీసి,
ఇంకోదాని చివర పుచ్చబెట్టి.
చెడగొట్టడానికి ఇంత ఓపిక కావాలని
అంతవరకూ నాకు తెలీదు.

రెండోసారి వచ్చినప్పుడు
గుణుపురం నుంచి దిగువకి బండి నడిపాను.
పాతపట్నం దాటాక ఒక తుప్పల గట్టు.
తాత చెయ్యి లేపాడు.
"ఇక్కడ పది. పది మీద ఎల్లకూడదు."
వంపు లేదే, వంతెన లేదే, ఎందుకు?
"బోర్డు పెట్టినోలు బదిలీ అయిపోనారు.
తియ్యమన్నోడు రాలేదు."
అంతేనా?
"అంతే," అని మంచినీళ్లు అడిగాడు.

పసుపు బోర్డు చేశాను, నల్లటి పది.
కుడివైపు పాతితే ఎడమ అన్నాడు.
ఎడమన పాతాక చాలాసేపు దాన్నే చూశాడు.
"ఏటేటా దానికి రంగేసింది నానే."

తర్వాత, బ్రేకుల సంగతేదో చెబుతూ చెబుతూ,
"మా నూకాలు ఇక్కడే ఎక్కీది.
టేసను కాదు గదా, పదిలో ఎల్తాది గాబట్టి
ముందు గంప తోసీసి, ఆనక తను.
టెక్కలి సంతకి జీడిపిక్కలు."
మళ్లీ బ్రేకుల్లోకి వెళ్లిపోయాడు.

ప్రయాణికుల బరువుకి ఒక గడి ఉంటుంది ఇందులో.
ఎవరో ఇచ్చిన అంకె ఉంది, నేనెప్పుడూ ముట్టుకోలేదు.
గంప ఎంతుండేది తాతా?
రెండు చేతులూ చాపి, గాల్లో ఎత్తి, దించి,
"పద్దెనిమిది," అన్నాడు.
నూకాలు బరువు అడగడానికి నోరు రాలేదు.
కాటా చూడందే అరకిలో కూడా ఒప్పుకోనివాణ్ని,
ఆ చేతుల్ని నమ్మాను.

పద్దెనిమిది కలిపి మళ్లీ నడిపాను.
బోర్డు దగ్గర పదికి దించాను.
స్పీడు సూది వెంట్రుకవాసి తగ్గిందో,
బయట గూడ్సు పోతూ బల్లని కదిపిందో.
తాత మాత్రం
కుర్చీలో కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.