రెండు గుర్తుల మధ్య బాణం

హార్బరు గేటు పక్క మేడ మీద నా గది.
ఐసు మిషను అర్ధరాత్రి కూడా పళ్ళు కొరుకుతూనే ఉంటుంది.
కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఎండుచేపల వాసన.
తెరిచే ఉంచాను.

పని చిన్నదే అన్నారు.
బోటు దిగిన సరుక్కి మైలపిల్లి దానయ్య రాసే చీటీని
యంత్రం చదవాలి:
బోటు నంబరు, చేప పేరు, బుట్టలు, కిలోలు.
చదివే లైబ్రరీ ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు,
నేను వ్యాకరణం చెబితే చాలు.

ఆ వ్యాకరణంలో క్రియలు లేవు.
ఒక బాణం ఉంది: దీని తర్వాత అది.
ఒక నక్షత్రం: ఎన్నయినా సరే, అసలు లేకపోయినా సరే.
ఎంత పొదుపని మురిసిపోయి
కోనాం, పార, గులివింద అని నియమాలు రాసి
చీటీ చివర దానయ్య పెట్టే గీతా చుక్కా
అర్థం తెలియకుండానే చేర్చి
కంపైల్ నొక్కాను.

ఆరువందల పన్నెండు వరుసలు తిట్టింది.
పేరు లోపల పేరు, దాని పొట్టలో ఇంకో పేరు,
కోణపు బ్రాకెట్లు తలుపు మీద తలుపు వేసుకుంటూ పోయాయి.
నేనెప్పుడూ తెరవని ఫైళ్ళలో,
ముఖం తెలియని వాళ్ళ గదుల్లో
నా తప్పు దొరికిందట.

మదనపల్లెలో చెంగల్రాయప్ప సారు
పద్యానికి అన్వయం తప్పితే బెత్తం ఎత్తేవాడు కాదు.
"మొదటి తప్పు చూడు పాపా,
తక్కినవన్నీ దాని పిల్లలు."
పైకి జరిపాను. జరిపాను. జరుపుతూనే ఉన్నాను.
అన్నిటికంటే పైన, పొట్టి వాక్యం:
నియమం ఉండాల్సిన చోట అంకె ఉంది.

ఏ అంకె?
నేను అంకె రాయనే లేదే.

సెమికోలన్లు లెక్కపెట్టాను.
పాత వెర్షన్ దించాను, కొత్తది ఎక్కించాను.
విసుగొచ్చి అన్నీ తీసేస్తే
ఖాళీ ప్రోగ్రాం ఒక్క తప్పూ లేకుండా పాసైంది.
దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

నాలుగింటికి కిందికి దిగాను.
టీ బండి దగ్గర ఐసు మోసే బెంగాలీ కుర్రాడు
నన్నేదో అడిగాడు, నేనేదో చెప్పాను.
వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి రాదు.
చివరికి రెండు వేళ్ళు చూపించాడు, నేను పది నోటు చూపించాను.
మా ఇద్దరి మధ్య మిగిలింది అంకెలే.

టీ గ్లాసు చల్లారిపోయింది నా చేతిలో.

గీత, చుక్క. రెండూ బయటి గుర్తులే.
వాటి మధ్య నేను పెట్టిన బాణం లైబ్రరీ బాణం కాదు,
అంకెల్ని కుడికి తోసే పాత బాణం.
యంత్రానికి గీత నలభై అయిదు, చుక్క నలభై ఆరు.
నలభై అయిదుని నలభై ఆరు గళ్ళు తోయమన్నానని
అది నిజాయితీగా అనుకుంది.
ఉన్నవే ముప్పై రెండు గళ్ళు.
గట్టు దాటి నీళ్ళలో పడింది నా వ్యాకరణం.

"ఏటమ్మా, అలా సూత్తన్నావు?"
దానయ్య, చెవి మీద పెన్సిలు, మోకాలి మీద చీటీల కట్ట.
"గీతా చుక్కా అంటే ఏంటన్నా?"
"అదా. కూరకి తీసేసిన సేప.
బోటోళ్ళది. దానికి తూకం ఉండదు."

పైకి పరిగెత్తాను.
గీతకి లైబ్రరీ చొక్కా తొడిగాను. గీతకి ఒక్కదానికే.
చుక్క ఎలా ఉన్నది అలాగే ఉంది,
పక్కనున్న గీత దాన్ని లోపలికి పిలుచుకుంది.
తప్పులు: సున్నా.
హెచ్చరికలు రెండు. అవి రేపు.

మొదటి చీటీ చదివింది, చదివి ఆగింది.
కూరకి తీసిన చేపని ఎక్కడ రాయను?
ఆఫీసు ఇచ్చిన పట్టికలో
తూకం లేని దానికి గడి లేదు.

కింద వేలం మొదలయ్యింది.
నేనింకా ఆ గడికి ఏ పేరు పెట్టాలా అని
కర్సరు వంక చూస్తున్నాను.