రబ్బరు ముద్ర

పామూరు రోడ్డు మలుపులో
పంక్చరు కొట్టుకీ సోడా బండికీ నడుమ
రెండు చెక్క తలుపులంత వెడల్పు అంగడి.
బోర్డు లేదు.
కాలేషా కొట్టెక్కడంటే
కందుకూరులో ఎవరైనా చెయ్యి చూపిస్తారు.

జూన్‌లో కాలు పెట్టలేం.
మిగతా పదకొండు నెలలూ
మైదా జిగురు ఉడికే వాసన,
అందులో చిటికెడు మైలుతుత్తం.
"పురుగులకెందుకబ్బయ్యా చదువు"
అని కుట్టుదారం పళ్ళతో తెంపుతాడు.

ఏ పుస్తకం కొన్నా
మొదటి పేజీ మూలన ముద్ర పడాల్సిందే.
కర్రపిడి ముద్ర వాళ్ళ నాయనది: నెల్లూరు జిల్లా.
డెబ్బైలో ఊరిని తీసి అటేస్తే
ఒంగోలు జిల్లా అని ఇంకోటి చేయించాడు.
రెండేళ్ళకే దాని పేరూ మార్చారు.
ఆ ముద్ర పిల్లలు ఆడుకోను పోయింది.
నా ఆరో తరగతి వాచకం మీదున్నది మూడోది,
ప్రకాశం.

మొన్న తిరిగి నెల్లూరులో కలిపిన రోజు
కాలేషా కొత్తది చేయించలేదు.
సొరుగు అడుగునించి నాయన ముద్ర తీసి
నోటి ఆవిరి పట్టి, ఊదారంగు దిండు మీద అద్ది కొట్టాడు.
రబ్బరు బీటలిచ్చింది. మొదటి అక్షరం పడలేదు.
ల్లూరు జిల్లా.
"ఊరి పేరు పడింది గదా, చాల్లే."

శనివారం శనివారం మాలకొండమ్మ వస్తుంది
పొగాకు గ్రేడింగు దిగి, తలగుడ్డ విప్పుకోకుండానే.
వారానికి అయిదు రూపాయలు, ఒక కథల పుస్తకం.
తిరిగొచ్చిన పుస్తకం తెరిస్తే
తర్వాతి వాళ్ళకి తుమ్ములు.
కాలేషా అడగడు ఎంతదాకా చదివావని.
పేజీల అంచున గోధుమరంగు వేలిముద్ర
ఎక్కడ ఆగితే అక్కడిదాకా.

తొలినాళ్ళలో నాలుగో పేజీ.
ఒక వానాకాలమంతా పదకొండు.

కిందటి నెల ఒక పుస్తకం
వెనకట్ట లోపలిదాకా మరకతో వచ్చింది.
తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు.
అద్దె బుక్కులో దాని నంబరు కొట్టేసి
ముద్ర వేసి ఆమె వైపు జరిపాడు.
డబ్బుల మాట ఎత్తలేదు.

ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంది.
"నె యాడ పోయింది?"
పెన్ను ఆమెకే ఇచ్చాడు.
బల్ల మీద వంగి, ఊపిరి బిగబట్టి రాసింది
పక్క అక్షరాలకంటే రెండింతలు పెద్దది,
ఏత్వం కాస్త ఎక్కువ వంగింది.

మళ్ళీ ఒంగోలు వైపు కలుపుతారని
పేపరు చదివి వినిపించాను నిన్న.
కాలేషా తలెత్తలేదు.
"అట్టల కాగితం లోడు ఇంకా దిగలా,
అది చూడు ముందు."