వడ్లగింజ ముద్ర

గోవిందరాజుల గుడి వీధిలో నాది మూడో అరుగు.
నల్లరాతి పలక, సన్న ఉలి, చింతపండు నీళ్ల ముంత,
ఇవి గాక ఒక చెవి. కుడిది.
ఎడమదానికి పెండ్లాం మాట గూడా వినపడదు.

కొండ దిగొచ్చిన కానుక సంచులు నా ముందర బోర్లిస్తారు.
దేవుడి దగ్గర వంతులు లేవు, అన్నీ కలిసే పడతాయి:
పులికాటు వలందావాళ్ల రాగి కాసు,
పుదుచ్చేరి పరాసువాళ్ల రూపాయి,
చెన్నపట్నం ఇంగిలీషువాళ్ల రూపాయి.
రెండు రూపాయల మీదా ఢిల్లీ పాదుషా పేరే.
ఒకదానికి నెలవంక, ఒకదానికి తామరపువ్వు.
ఆ పాటి తేడాకే వందవాసి కాడ, ఆర్కాటు కాడ
మనుషులు కోసేసిన బోద మాదిరి పడినారంట.
నా పలక మీద మాత్రం
ఒకదాని వీపున ఒకటి పడుకోనుంటాయి
పొయ్యి కాడి పిల్లికూనల్లాగా.

నవాబు తన అప్పు కింద
కొండ ఆదాయం కంపెనీకి రాసిచ్చినాడు.
కుబేరుడి బాకీయే ఇంకా తీరలేదు స్వామికి,
ఇదొకటి నెత్తినేసినారు.
దుబాసి తాండవరాయ మొదలి
ఇంగిలీషు కుర్చీలో కాళ్లు ఊపుతా
"బిన్నా కానీ శెట్టీ, ఓడ కాసుకోనుండాది" అంటాడు.
ఓడని నేను చూడలేదు. సముద్రాన్నీ చూడలేదు.
స్వర్ణముఖిలో మోకాటి లోతు, అదే నా ఎరిక.

సరిగ్గా మోగిన దాని అంచున వడ్లగింజంత గాటు పెడతా.
మా నాయన నించి వచ్చిన ముద్ర అది.
చెంగలశెట్టి ఇంటి గింజ ఉంటే
తంజావూరు దాకా ఎవరూ మళ్లీ మోగించి చూడరు.

మార్గశిరం చలిలో ఒకామె వచ్చింది.
ఓబులి అంట, నారాయణవనం మనిషి.
కొంగుముడి విప్పి రూపాయి పెట్టింది.
"కొండెక్కే ముందర చూపిద్దామని. చెల్లుతాదా?"
మొగుడు సిపాయంట. ఏ జెండా అని అడిగినా.
"రెండేండ్లు తెల్లది. జీతం రాక ఎర్రదానికి పోయినాడు.
సచ్చింది దేని కిందో చెప్పినోళ్లు లేరు.
మొలతాడుకి ఇది కట్టుంటే తోటోడు తెచ్చిచ్చినాడు."
కొంచేపు ఊరుకోని తనే అనింది:
"తిరిగి రావాలని మొక్కినా. రాలేదు.
అయినా మొక్కు మొక్కే గదా."

తిప్పి చూసినా.
అంచున వడ్లగింజ.

ఏ ఏడో, ఏ సంచిలోనో,
కొండ మీంచి నా పలకకి,
పలక మీంచి చెన్నపట్నానికి,
ఆడ నించి వాడి మొలకి.

గోటి మీద పెట్టి మోగించినా.
తప్పు పలికితే బాగుండునని
నలభై ఏండ్లలో ఆ ఒక్కసారే అనుకున్నా.
పూజ గంట మాదిరి పలికింది.
"చెల్లుతాదమ్మా."

నాలుగో దినం సంచి బోర్లిస్తే మళ్లీ కనపడింది.
దాన్ని పక్కకి నూకి
నా బొడ్డుసంచిలోది ఒకటి వేసినా.
నేనేసింది గూడా మందుగుండుకే పోతాది, తెలుసు.
"లెక్క సరేనా?" అన్నాడు మొదలి.
సరే అన్నా.

ఇప్పుడది మా ఇంట్లో మెంతుల బుడ్డిలో ఉండాది.
ఆడమనిషి ఎడమ పక్కన నిలబడి
నాకు వినపడాలని అరిచి మరీ అడిగింది:
"చెల్లని దాన్ని ఎందుకు దాచినావు?"

చెల్లుతాది.
అదే, ఎట్లా చెప్పేది.